ముడి పడేది ఎవరి మెడకు?

ఈమధ్య దగ్గరి బంధువుల ఇంట్లో పెద్దకర్మకు వెళ్లాను. పోయినాయనకు చాలా ఏళ్లుగా కిడ్నీ జబ్బు. డయాలసిస్ మీదే బతుకు వెళ్లదీశారు. ఇక ఎక్కువ కాలం లేదని డాక్టర్లు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పారు. ఆయన కళ్లముందే జరగాలని చిన్నకొడుకు పెళ్లి తొందరపడి చేసిందీ అందుకే. భోజనాలయ్యాక వరండాలో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక పెద్దావిడ గొంతు తగ్గించి అంది: "ఏమోనమ్మా, ఆ పిల్ల కాలు పెట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఒకటి కాకపోతే ఒకటి." ఆ పిల్ల అప్పుడు లోపల విస్తళ్లు ఎత్తుతోంది. వరండా వైపు కిటికీ తెరిచే ఉంది.

పక్కనే ఫోను చూసుకుంటున్న, ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు తలెత్తి, "దాన్ని అపోఫీనియా అంటారు పెద్దమ్మా. సంబంధం లేనివాటికి సంబంధం కలపడం. మనిషి మెదడు అలా పొరబడుతుంది" అన్నాడు. ఆవిడకు మాట తెలియలేదు గానీ, తనను తెలివితక్కువదాన్ని చేశాడని మాత్రం తెలిసింది. ముఖం ముడుచుకుని లేచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు వేరే కబుర్లలో పడ్డారు.

ఆ అబ్బాయి అన్నదాంట్లో తప్పు లేదు. మంచి మనసుతోనే అన్నాడు. అయినా ఆ మాట వల్ల లోపలున్న అమ్మాయికి ఒరిగిందేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె మీద పడ్డ నింద అలాగే ఉంది, కాకపోతే పైకి వినపడదు. ఆ రోజు నుంచీ ఈ మాట గురించి దొరికింది చదువుతూ ఆలోచిస్తున్నాను. చివరికి తేలిన నా అభిప్రాయం ఇది: అపోఫీనియా అనే మాట ముడి వేసేవాడి బుర్ర గురించి చాలా చెబుతుంది, ఆ ముడి ఎవరి మెడకు పడుతుందో ఒక్క ముక్కా చెప్పదు. నా దృష్టిలో అసలు అడగాల్సింది ఆ రెండోదే.

రోగి మంచం పక్కన పుట్టిన మాట

ఈ మాటను పుట్టించింది జర్మన్ మానసిక వైద్యుడు క్లాస్ కాన్రాడ్. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు తొలిదశ మీద 1958లో ఆయన పుస్తకం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనిక ఆసుపత్రికి వచ్చిన వందమందికి పైగా సైనికుల కేసులు దానికి ఆధారం. చూపించడం, వెల్లడి చేయడం అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి జర్మన్‌లో 'అపోఫేనీ' అని పేరు కట్టాడు. ఇంగ్లిషుకు వచ్చేసరికి అది అపోఫీనియా అయింది. ఫినామినన్, ఎపిఫనీ అనే మాటలదీ ఇదే ధాతువు.

కాన్రాడ్ చెప్పిన క్రమం చదువుతుంటే గుండె బరువెక్కింది. మొదట రోగికి ఏదో జరగబోతోందన్న గుబులు పట్టుకుంటుంది. తెర లేచే ముందు నటులకు కలిగే బెదురును నాటకాలవాళ్లు 'ట్రెమా' అంటారట, ఆ మాటనే ఈ దశకు పెట్టాడు. లోకం ఎక్కడో మారిపోయినట్టుంటుంది, ఏం మారిందో అందదు. ఆ ఉక్కిరిబిక్కిరి భరించలేనంత అయ్యాక ఒక్కసారిగా అంతా తేటపడుతుంది. ఎదురుగా ఆగిన బండి, పక్కవాడి దగ్గు, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చూపు, అన్నీ తనకోసం ఏర్పాటు చేసినవే. అన్నీ తనకు పెట్టిన పరీక్షలే. అలా తేటపడటమే అపోఫేనీ.

ఇది లెక్క తప్పడం లాంటిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. రోగి ఆ సంబంధాన్ని ఆలోచించి తేల్చుకోలేదు, అది నిశ్చయంతో సహా అతని మీదకు వచ్చి వాలింది. ఆలోచించి కట్టుకోనిదాన్ని వాదించి ఊడదీయడం ఎంత కష్టమో ఇంట్లో మానసిక రోగిని చూసుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం. కాన్రాడ్ చూసిన సైనికుల విషయంలో ముడి వేసినవాడూ, ఆ ముడికి ఉక్కిరిబిక్కిరైనవాడూ ఒకడే.

ఆ తర్వాత ఈ మాట ఆసుపత్రి దాటి బయటికొచ్చింది. మబ్బుల్లో ఏనుగు కనిపించడానికీ, లాటరీ అంకెల్లో వరస కనిపెట్టడానికీ, 1976లో వైకింగ్ 1 అనే అంతరిక్ష నౌక తీసిన ఫోటోలో అంగారకుడి మీద మనిషి ముఖం కనబడటానికీ ఇదే పేరు పెడుతున్నారు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. అలా ఆ మాటలోంచి బాధ పోయి, మనుషులందరికీ ఉండే ఒక చిన్న బలహీనతగా మిగిలింది.

ఈ బలహీనతకు చెప్పే వివరణ చాలామంది వినే ఉంటారు. పొదలో అలికిడైతే పులి అనుకుని పరుగెత్తినవాడు బతికాడు, గాలి అనుకున్నవాడు చచ్చాడు, మనమంతా పరుగెత్తినవాళ్ల వారసులం అని. ఈ వివరణతో నాకు పేచీ ఉంది. పులి లేని చోట పరుగెత్తినవాడు తన ఆయాసం తానే పడ్డాడు, పొదకు ఏమీ కాలేదు. వరండాలో మాట అన్న పెద్దావిడకు ఆయాసం లేదు. దాన్ని మోయాల్సింది ఇంకొకరు.

మనకు కాకతాళీయం అన్న మాట ఎప్పట్నుంచో ఉంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది, అంతే. రోజూ వాడుతున్న ఈ న్యాయంలో నాకు నచ్చేది ఎవరూ కాకిని తిట్టకపోవడం. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు అని నవ్వుకుంటాం కూడా. ఇలా నవ్వగలిగినవాళ్లమే, కోడలి విషయానికి వచ్చేసరికి వేళావిశేషం అని నమ్మకంగా చెబుతాం. ఇంట్లో మంచి జరిగితే మాత్రం అది కొడుకు జాతకబలం.

లండన్ పటం మీద గళ్లు

సంబంధం లేనిచోట సంబంధం ఎంత గట్టిగా కనబడుతుందో చెప్పడానికి నేను ఎక్కువగా గుర్తుచేసుకునే లెక్క ఒకటుంది. 1944 జూన్ నుంచి జర్మనీ లండన్ మీదకు వీ-1 ఎగిరే బాంబులు వదిలింది. కొన్ని పేటల మీద వరసగా పడ్డాయి, కొన్నిటిని తాకనే లేదు. దాంతో జర్మన్లు గురిచూసి కొడుతున్నారని జనం నమ్మారు. యుద్ధం అయ్యాక 1946లో ఆర్. డి. క్లార్క్ అనే బీమా గణాంకవేత్త దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్ల మేర తీసుకుని 576 సమాన గళ్లుగా విడగొట్టాడు. ఆ మేరలో పడ్డవి 537 బాంబులు. గురి లేకుండా గుడ్డిగా పడితే ఒక్క బాంబూ పడని గళ్లు సుమారు 227 ఉండాలని గణితం చెబుతుంది. నిజంగా ఉన్నవి 229. ఒక్కటే పడ్డ గళ్లు 211 ఉండాలి, సరిగ్గా 211 ఉన్నాయి. గుడ్డిగా పడేవి సమానంగా పరుచుకోవు, అక్కడక్కడా గుంపులు కడతాయి. ఆ గుంపుల్నే జనం గురి అనుకున్నారు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఆ తర్వాతిది కూడా కావాలి. ఊరు మొత్తంగా చూస్తే ఉత్తరం కంటే దక్షిణ లండన్ ఎక్కువ దెబ్బతింది, అది యాదృచ్ఛికం కాదు. బాంబులు నగరం నడిబొడ్డుకు చేరకముందే, తక్కువ దూరంలో పడేవి. బ్రిటిష్ గూఢచారి శాఖ తన చేతిలో ఉన్న డబుల్ ఏజెంట్ల ద్వారా, అవి అలాగే ముందు పడుతూ ఉండేలా జర్మన్లకు తప్పుడు సమాచారం పంపింది. "మా వైపే ఎక్కువ పడుతున్నాయి" అన్న దక్షిణ లండన్ మనిషిది భ్రమ కాదు. "మా వీధినే ఎంచుకున్నారు" అంటే భ్రమ. ఒకే మనిషి ఒకే సాయంత్రం ఈ రెండూ అని ఉండవచ్చు. బయటి నుంచి ఒక్క మాటతో కొట్టిపారేసేవాడికి ఈ తేడా కనబడదు.

హేగ్‌లో ఒక నర్సు

ఇక్కడి నుంచి నా అసలు వాదన. లూసియా ద బెర్క్ నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో నర్సు. 2001 సెప్టెంబరులో అక్కడ ఒక పసిబిడ్డ చనిపోయింది. అప్పుడు డ్యూటీలో ఉన్నది లూసియా. ఆమె ఉన్నప్పుడే ఇలాంటివి జరుగుతున్నాయని ఎవరికో తోచింది. పాత రికార్డులు తిరగేశారు. అంతకుముందు సహజమని రాసిన మరణాలను అనుమానాస్పదమని తిరగరాశారు. ఆమె డ్యూటీలో ఉన్న రోజులవైతే ఇంకా తేలిగ్గా రాశారు. ఇదంతా యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 34 కోట్ల 20 లక్షల్లో ఒకటి అని కోర్టుకు ఒక అంకె చేరింది. 2003లో యావజ్జీవ శిక్ష పడింది. 2004లో అప్పీలు కోర్టు ఏడు హత్యలు, మూడు హత్యాయత్నాలకు ఆమెను దోషిగా తేల్చింది.

ఆ అంకె కట్టిన తీరు చూడండి. ఆమె పనిచేసిన మూడు వార్డులకు విడివిడిగా అవకాశాలు లెక్కగట్టి ఒకదానితో ఒకటి గుణించారు. అలా గుణిస్తూ పోతే ఎక్కువ వార్డుల్లో పనిచేసిన ప్రతి నర్సూ, ఏ తప్పూ చేయకపోయినా, అంతకంతకూ హంతకురాలిలా కనబడుతుంది. ఇంకా మామూలు ప్రశ్న ఒకటి చాలాకాలం పక్కనే ఉండిపోయింది. ఆమె రాకముందు ఆ వార్డులో ఎంతమంది చనిపోయేవారు? ఆమె చేరకముందు మూడేళ్లలో 7 మరణాలు, ఆమె ఉన్న మూడేళ్లలో 6. హంతకురాలు అడుగుపెట్టాక చావులు తగ్గాయన్నమాట.

ఇందులో అమాయక పల్లెజనం లేరు. ఉన్నవాళ్లు డాక్టర్లు, లాయర్లు, న్యాయమూర్తులు, గణాంకాల తరఫున మాట్లాడిన నిపుణుడు. చదువుకుంటే ఈ జబ్బు పోతుందనేవాళ్లకు ఈ కేసు ఒక్కటి చూపిస్తే చాలనిపిస్తుంది. అంతమంది నర్సుల్లో నమ్మకం ఈమె మీదే ఎందుకు కుదిరిందో కూడా చూడాలి. చిన్నప్పుడు కష్టాలు పడ్డ మనిషి. ఒకప్పుడు పొట్టకూటికి ఒళ్లమ్ముకుందని బయటపడింది. జోస్యం కోసం టారో కార్డులు చూసేది. డైరీలో తనకున్న ఒక "వ్యసనం" గురించి రాసుకుంటే, అది హత్యలు చేసే వ్యసనమని ప్రాసిక్యూషన్ వాదించింది. తాను చెప్పింది కార్డులు చూసే అలవాటు గురించేనని ఆమె మొత్తుకుంది. చావులకూ ఆమెకూ ఉన్న సంబంధం పట్టికలో దొరికితే, దాన్ని నమ్మే సుముఖత ఆమె గతంలో దొరికింది.

ఆమెను విడిపించడానికి మొదట నిలబడ్డది మెట్టా ద నో అనే డాక్టరు, ఆమె సోదరుడు, తత్త్వశాస్త్రం చెప్పే టోన్ డెర్క్‌సెన్. ఆ ఆసుపత్రి ముఖ్య పిల్లల డాక్టరు వాళ్లకు స్వయానా బంధువు. కుటుంబంలో పొరపొచ్చాలు వస్తాయని తెలిసీ లెక్కలు సరిగా చూడమని పట్టుబట్టారు. 2010 ఏప్రిల్‌లో కోర్టు లూసియా నిర్దోషి అంది. అప్పటికే ఆమెకు జైల్లో పక్షవాతం వచ్చింది.

ఎదురువాదం

ఇంతవరకు చదివినవాళ్లకు ఒక సందేహం రావాలి. నాకూ వచ్చింది. అయితే ఆసుపత్రిలో చావులు వరసగా జరుగుతున్నా, ఒకే మనిషి అక్కడ ఉంటున్నా, ఇదంతా భ్రమ అని ఊరుకోవాలా?

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ పేరున్న ఫ్యామిలీ డాక్టరు. ఊరివాళ్లు దేవుడిలా చూసేవారు. ఆయన దగ్గరికి వెళ్లే ముసలమ్మలు ఎక్కువమంది పోతున్నారని అంత్యక్రియలు చేయించేవాళ్లకు అనుమానం వచ్చింది. ఇంకో సంగతి కూడా వాళ్ల కంట్లో పడింది. చాలామంది మంచం మీద కాకుండా, పగటిబట్టల్లో కుర్చీలో కూర్చుని ఉండగా పోయారు. ఎదురుగా ఉన్న క్లినిక్‌లో డాక్టరు లిండా రెనాల్డ్స్ 1998 మార్చిలో కరోనర్‌కు, అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారికి, ఈ సంగతి చెప్పింది. పోలీసులు పైపైన చూసి, ఏమీ లేదని ఏప్రిల్‌లో మూసేశారు. ఆ తర్వాత ఆయన చేతిలో మరో ముగ్గురు చనిపోయారు. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. 2002లో ప్రభుత్వ విచారణ తేల్చిన సంఖ్య 215.

హైడ్‌లో ఆ లంకె కనిపెట్టినవాళ్లకు కలిగిన అనుభూతి, హేగ్ ఆసుపత్రిలో లూసియాను అనుమానించినవాళ్లకు కలిగిన అనుభూతి లోపలి నుంచి ఒకేలా ఉండి ఉంటాయి. ఏదో బయటపడింది అనే ఆ మెరుపుకు నిజమూ అబద్ధమూ తెలియదు. కాబట్టి సంబంధాలు చూడటం మానండని నేను ఎవరికీ చెప్పను. అలా చూసినందుకే లిండా రెనాల్డ్స్ పేరు ఈ రోజు గౌరవంగా తలుచుకుంటున్నాం.

రెండు కేసుల్నీ పక్కపక్కన పెడితే నా అభిప్రాయం ఇంకా బలపడింది. షిప్‌మన్ విషయంలో నిజమైన సంబంధం కళ్లముందే ఉన్నా జనం నమ్మలేదు. ఆయన మగవాడు, డాక్టరు, మర్యాదస్థుడు. లూసియా విషయంలో లేని సంబంధాన్ని దేశం నమ్మింది. ఆమెకు గతం ఉంది, మొదట్లో ఆమె పక్షాన మాట్లాడే పెద్దమనుషులు లేరు. సాక్ష్యం బలం ఒక్కటే నమ్మకాన్ని తేల్చలేదు, ఎదుటి మనిషి స్థాయి కూడా తేల్చింది. బాంబులు లండన్ గళ్లలో గుడ్డిగా పడి ఉండవచ్చు, నిందలు మాత్రం అలా పడవు. పల్లం చూసుకుని పారతాయి.

మన ఊళ్లలో

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు తెలంగాణలో, ఆంధ్రలో ఎంత పని చేశాయో మనకు తెలుసు. ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరిని పట్టుకున్నారు. ఊరికి కొత్తవాడు, మతి స్థిమితం లేనివాడు, భాష రానివాడు, బిచ్చమెత్తుకునేది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. కారులో దిగిన పెద్దమనిషి కూడా అదే వీధికి కొత్తే కావచ్చు, అతన్ని మాత్రం ఎవరింటికి వచ్చారని అడుగుతారు. బాణామతి చేశారన్న అనుమానంతో జరిగే దాడుల్లోనూ దెబ్బలు తినేవాళ్లు వెనక ఎవరూ లేనివాళ్లే. గేదె చస్తే, బిడ్డకు జ్వరం తగ్గకపోతే, ఆ వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామె పేరు వస్తుంది. ఊరి పెద్ద పేరు రాగా నేనైతే వినలేదు.

అందుకే కుర్రాళ్లు అపోఫీనియా అనగానే నాకు చిరాకు వస్తోంది, వాళ్ల మీద కాదు, అక్కడితో పని అయిపోయిందనుకోవడం మీద. మెదడు అందరిదీ ఒకటే అని ఆ మాట చెబుతుంది, నిజమే. అందరి మెదడూ ఒకటే అయినప్పుడు ఎప్పుడూ కోడళ్లూ, విధవలూ, బాటసారులూ, రాత్రి డ్యూటీ నర్సులే ఎందుకు దొరుకుతారో అడగాలి. మామగారు పోతే కోడలి పాదం కారణమైతే, అల్లుడు అడుగుపెట్టిన ఏడాది అత్తగారు పోతే ఎవరూ అల్లుడి పాదం మాటెత్తరేం? లెక్క ఒకటే, గళ్లు ఒకటే. మనం నింపే గళ్లే వేరు.

ఆ వేసవిలో గద్వాల జిల్లాలో జరిగింది నాకు ఎక్కువ నచ్చుతుంది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి దగ్గర పనిచేసే కానిస్టేబుళ్లు ఊళ్లకు వెళ్లినప్పుడు, ఎండాకాలమైనా జనం ఆరుబయట పడుకోవడం లేదని, పొద్దుగూకగానే తలుపులు వేసుకుంటున్నారని గమనించారు. ఎందుకని అడిగితే వీడియోలు చూపించారు. పోలీసులు ఊరూరా తిరిగి జనంతో కూర్చుని మాట్లాడారు, డప్పులతో, పాటలతో ఈ పుకార్ల గురించి చెప్పించారు. మీరు మూర్ఖులు, మీ మెదడు పొరబడుతోంది అని ఎవరికీ పాఠం చెప్పలేదు. భయం ఉన్న సంగతి ఒప్పుకున్నారు. కొత్తవాళ్లు కనబడితే చెయ్యి చేసుకోకుండా తమకు చెప్పమన్నారు. ఫోన్ చేస్తే వచ్చే కానిస్టేబుల్ ఎవరో ఆ ఊరివాళ్లకు ముఖం చూసి గుర్తుపట్టేంత తెలుసు. వేరే చోట్ల మనుషులు చనిపోతున్న ఆ రోజుల్లో అక్కడ ఆ పుకారుకు ఎవరి ప్రాణమూ పోలేదు.